విరిగాకే పడ్డాను

బువాలై పెద్దమ్మ బుధవారం పుట్టింది. ఎముకల మాత్ర వారానికి ఒకటే, ఏ రోజు వేసుకుంటావో నువ్వే చెప్పు అని డాక్టరు అడిగితే, ఆమె తడుముకోకుండా బుధవారమంది. పుట్టిన వారం నాడు వేసుకున్న మందు ఒంటికి పడుతుందని ఆమె నమ్మకం.

ఆ రోజు తెల్లవారుతుండగానే లేచి, పరగడుపున మాత్ర మింగి, పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగేది. ఆ తర్వాత అరగంట దాకా ఏమీ తినకూడదు, నడుం వాల్చకూడదు. మాత్ర గొంతులో నిలిస్తే పుండు చేస్తుంది, అన్నంతో కలిస్తే పనిచేయదు. మరొకరైతే ఆ అరగంట ఇంట్లో కుర్చీలో కూర్చుని గడిపేవారు. పెద్దమ్మ మాత్రం మా పొద్దుటి బజారుకి వచ్చేసి, తన బల్ల వెనక నిటారుగా నిలబడి గడిపేది. బౌద్ధ భిక్షువులు వరసగా వచ్చేసరికి చెప్పులు విడిచి, వాళ్ళ పాత్రల్లో అన్నం ముద్దలు వేసి, దీవెన అందుకున్నాక గానీ కాఫీ ముట్టేది కాదు.

చుట్టరికమేం లేదు, నాది ఆమె పక్క బల్ల. నేను అరిటాకులు, పూలు, అగరొత్తులు అమ్ముతాను. ఆమె అన్నం వడియాలు అమ్మేది. జిగురు బియ్యం ఉడికించి, పుచ్చకాయ రసం కలిపి, గుండ్రంగా అద్ది, ఎండబెట్టి, నూనెలో పొంగించి, పైన బెల్లం పాకం తీగలా తిప్పి ఇస్తారే, అవి. వాంగ్ నది ఒడ్డున ఆ వడియాలు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, పాకం పంటికి అంటుకోకుండా తిప్పడం ఆమెకే తెలుసు.

"పెద్దమ్మా, ఇవాళ ఎముకల ఉపవాసమా?" అని నేను ఏడిపించేదాన్ని.

"నవ్వవే తిప్, నవ్వు. నీకూ ముట్లు ఆగనీ, నేనే వచ్చి ముక్కు మూసి మింగిస్తాను," అనేది.

అంత నమ్మకం ఊరికే కుదరలేదు. ఆమె తల్లిని నేను కూడా ఎరుగుదును. ఆ ముసలావిడ నడుం యాభై ఐదు దాటగానే వంగడం మొదలైంది. ఏటేటా ఇంకాస్త వంగి, ఆఖరికి మొహం నేలకేసి తిరిగిపోయింది. ఎవరైనా ఇంటికొస్తే పాదాలు చూసి గుర్తుపట్టేది. ఆకాశం చూడాలంటే మంచం మీద పక్కకి దొర్లాల్సిందే. ఆవిడ పోయాక శవపేటికలో వెల్లకిలా పడుకోబెట్టడం కుదరలేదు. వెన్ను తిన్నగా రాలేదు. పక్కకి తిప్పి, ముడుచుకుని నిద్రపోయే పిల్లలా పెట్టి దహనానికి తీసుకెళ్ళారు. ఒంటికి నీళ్ళు పోసి తుడిచింది పెద్దకూతురు బువాలైయే. ఆ రోజు ఆమె నాతో ఒకటే మాటంది. "నేను మాత్రం తిన్నగా పడుకునే పోతాను తిప్. ఏం చేసైనా సరే."

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆమెకు ముట్లు ఆగాయి. ఒక వానాకాలం గడప దగ్గర జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు పుటుక్కున విరిగింది. కొడుకు తవాత్ నీటిపారుదల శాఖలో ఉద్యోగి. ప్రభుత్వోద్యోగి తల్లి కాబట్టి వైద్యం ఉచితం. పెద్దాసుపత్రిలో స్కానింగ్ చేసి, ఎముక లోపల సన్నటి కమ్మీల్లా అల్లుకుని ఉండే భాగం పలచబడిపోయిందని చెప్పారు. "పుట్టిన దగ్గర్నుంచి ఎండలోనే ఉన్నాను, ఎండ ఎముకలకి బలమంటారు కదయ్యా," అని ఆమె వాదించింది. ఎండ మంచిదే గానీ, ముట్లు ఆగాక ఒళ్ళు తన ఎముకను తనే తినేస్తుంది, ఆ తినడాన్ని ఎండ ఆపలేదు అన్నారు. అప్పుడిచ్చిందే ఆ మాత్ర.

మాత్ర పనిచేసింది. కొన్నేళ్ళకి తీసిన స్కానింగులో అంకె మెరుగుపడింది. పెద్దమ్మ ఆ సంగతి బజారంతా చాటింది. చేపల బల్ల ఆవిడను, మిరపకాయల తొక్కు అమ్మే ఆవిడను వెంటబెట్టుకుని పరీక్షకు తీసుకెళ్ళింది. సొంత చెల్లెలు ఫోంగ్‌చన్‌నైతే చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఫోంగ్‌చన్ పిన్ని చిన్న బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది. మెతక మనిషి. వడియాలు అమ్మి ఆమెను చదివించింది అక్కే. భర్త పోయిన తర్వాత అండగా నిలబడింది కూడా అక్కే. అందుకని అక్క మాట ఆమెకు బడి గంటలాంటిది, వినిపిస్తే లేవాల్సిందే. పరీక్షలో ఆమె ఎముకలు అక్కవాటి కంటే బలహీనమని తేలింది. మాత్ర ఇస్తే గుండెల్లో మంటెత్తింది. అందుకని ఆరు నెలలకోసారి పొట్ట మీద వేసే సూది రాశారు. అక్కకు బుధవారాల మాత్ర, చెల్లెలికి ఏడాదికి రెండు సూదులు. ఇద్దరూ మధ్యాహ్నాలు పెద్దమ్మ పెరట్లో కూర్చుని వడియాలు అద్దుతూ తమ ఎముకల గురించి మాట్లాడుకునేవాళ్ళు, ఇంకొకరు మనవల గురించి మాట్లాడుకున్నట్టు.

ఏళ్ళు గడిచాయి. ఆసుపత్రిలో డాక్టర్లు మారుతూ వచ్చారు. ఒక కుర్ర డాక్టరు మాత్రం ఒకసారి, "అమ్మా, చాలాకాలంగా వాడుతున్నారు. కొన్నాళ్ళు ఆపి చూద్దాం," అన్నాడట. పెద్దమ్మ అతని బల్ల అంచు పట్టుకుంది. "ఆపితే మా అమ్మలా అయిపోతాను బాబూ. నాకేం బాధ లేదు, రాయండి," అని బతిమాలింది. బయట బోలెడంత మంది కూర్చుని ఉన్నారు. అతను రాసిచ్చేశాడు. ఆ మాట ఆమె మాకు గెలిచినట్టు చెప్పింది.

తర్వాత కొంతకాలానికి కుడి తొడలో నొప్పి పుట్టింది. మోకాలికీ తుంటికీ నడుమ, లోపలెక్కడో సలుపు. నడిస్తే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. వనమూలికల మూట కాచి కాపడం పెట్టించుకుంది. ఒళ్ళుపట్టే ఆవిడ దగ్గర పిసికించుకుంది. ఆసుపత్రికి వెళ్తే మోకాలికి ఎక్స్‌రే తీసి, అరుగుదల ఉంది, వయసు అన్నారు.

"తొడ అంటే మోకాలు చూస్తారేంటే?" అంది నాతో.

"ఇంకోసారి చెప్పకపోయావా?"

"చెప్పాను. ముసలాళ్ళకి నొప్పి ఒక చోట పుట్టి ఇంకో చోట తెలుస్తుందన్నారు. సర్లే, చదువుకున్నాళ్ళు కదా."

ఆ నొప్పితోనే ఏడాది పైగా నెట్టుకొచ్చింది. మాత్ర మాత్రం ఒక్క బుధవారం తప్పలేదు.

విరిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. మా ఇల్లు వాళ్ళ పెరటికి ఎదురుగానే. మధ్యాహ్నం మబ్బు కమ్మింది. వెదురు తట్టల్లో వడియాలు తడిసిపోతాయని ఇద్దరం గబగబా లోపలికి చేరవేస్తున్నాం. ఇంకా చుక్క పడలేదు, నేల పొడిగా ఉంది. పెద్దమ్మ తట్ట పట్టుకుని ఇంటివైపు తిరిగింది, అంతే. పచ్చి వెదురు విరిచినట్టు చప్పుడు వినిపించింది. చప్పుడు ముందు, ఆమె పడడం తర్వాత. ఆ వరస నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. తొడ మధ్యలో, కీలు ఉండకూడని చోట, కాలు మడతపడి ఉంది. ఆమె ఏడవలేదు. "తిప్, కాలు పోయింది," అంది మెల్లగా. చుట్టూ వడియాలు. వాటి మీద అప్పుడు వాన మొదలైంది.

తవాత్ డ్యాం పని మీద ఎక్కడో కొండల్లో ఉన్నాడు. అంబులెన్సులో నేనే వెళ్ళాను. అత్యవసర విభాగంలో ఒక కుర్రాడు వివరాలు అడిగి రాసుకుంటున్నాడు.

"ఎక్కడ జారారు అవ్వా?"

"జారలేదు. విరిగింది. విరిగాకే పడ్డాను."

"పడితేనే కదవ్వా విరిగేది."

"నాకు మాత్రం విరిగితేనే పడ్డం అయింది నాయనా."

"నొప్పిలో అలాగే అనిపిస్తుంది. నేల తడిగా ఉందా?"

"వడియాలు ఎండబెట్టే చోట తడి ఎందుకుంటుందయ్యా? నువ్వు మీ ఇంట్లో బట్టలు బురదలో ఆరేస్తావా?"

నేను కూడా చెప్పాను, కళ్ళారా చూశాను, కాలు జారలేదు అని. అతను తలూపాడు గానీ రాసుకున్న మాట మార్చలేదు.

మర్నాడు పొద్దున ఎముకల డాక్టరమ్మ వచ్చింది. పేరు ఓరనుత్, బ్యాంకాక్ మనిషి. పెద్దమ్మది మా ఉత్తరాది యాస, ఆవిడది రాజధాని మాట. అయినా ఇద్దరికీ మొదటి నుంచే కుదిరింది, ఎందుకంటే డాక్టరమ్మ ఎక్కడ జారావని అడగలేదు.

"ఈ తొడ అంతకుముందు నొప్పెట్టేదా అమ్మా?"

"ఏడాది పైనుంచి."

"ఎముకల కోసం ఏమైనా మాత్ర వేసుకుంటున్నారా? వారానికొకటి?"

"బుధవారం బుధవారం. పదేళ్ళు దాటింది. ఒక్కటీ మానలేదు," అంది పెద్దమ్మ. మంచం మీద కూడా ఆ గర్వం పోలేదు.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకేసి పట్టుకుని మాకు చూపించింది. పడి విరిగిన ఎముక ఏటవాలుగా, ముక్కలు ముక్కలుగా విరుగుతుందట. ఇది సుద్దముక్క విరిచినట్టు అడ్డంగా, సాఫీగా విరిగింది. విరిగిన చోట బయటి అంచు కాస్త ఉబ్బి ఉంది. అక్కడ చాలా కాలంగా సన్నటి చీలిక ఉందని, ఆ సలుపు దానిదేనని చెప్పింది.

"మీ ఇంటి కప్పు పెంకులదేనా అమ్మా? వానలకి ముందు ఏం చేస్తారు?"

"పగిలినవి తీయించి కొత్తవి వేయిస్తాం."

"ఒంట్లో కూడా అంతే. పాత ఎముకను తీసేసేవాళ్ళు కొందరు, కొత్తది పెట్టేవాళ్ళు కొందరు. ముట్లు ఆగాక తీసేవాళ్ళ జోరు ఎక్కువై, పెట్టేవాళ్ళు అందుకోలేరు. కప్పుకి చిల్లులు పడతాయి. మీ మాత్ర ఆ తీసేవాళ్ళ చేతులు కట్టేస్తుంది. చిల్లులు ఆగుతాయి, నడుం నిలబడుతుంది. కానీ ఏళ్ళ తరబడి ఏదీ తీయనివ్వకపోతే పగిలిన పెంకు కూడా అక్కడే ఉండిపోతుంది. కింది నుంచి చూస్తే కప్పు నిండుగానే కనబడుతుంది. స్కానింగులో అంకె కూడా బాగానే ఉంటుంది. పగుళ్ళు మాత్రం మానవు. అలాంటి పగులే మీ తొడలో, ఎక్కువ బరువు పడే చోట, పెరిగి పెరిగి తెగింది."

పెద్దమ్మ పైకప్పు వైపు చూసింది.

"మరి ఆ మాత్ర నాకు మేలు చేసిందా, కీడు చేసిందా డాక్టరమ్మా?"

"రెండూ చేసింది. కొన్నేళ్ళయ్యాక ఆపి చూసి ఉంటే బహుశా మేలుతోనే సరిపోయేది." డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇలా జరగడం చాలా అరుదు. ఈ మాత్రవల్ల నడుం విరక్కుండా బతికిపోయినవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ సంగతి మీ ఊళ్ళో చెప్పేటప్పుడు సగం చెప్పకండి."

తొడ లోపల ఇనుప కడ్డీ దించి బిగించారు. మాత్ర ఆపేయమన్నారు. రెండో కాలికి కూడా ఎక్స్‌రే తీస్తే, అదే చోట బయటి అంచున చిన్న బుడిపె కనిపించింది. అక్కడ కూడా మొదలైందన్నమాట. విరక్కముందే దానిలో కూడా కడ్డీ వేయించుకోవడం మంచిదని డాక్టరమ్మ చెప్పింది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "బాగున్న కాలుని కోయించుకోమంటారా?" అని ఇంటికి వచ్చేసింది.

అతుక్కోవడానికి నెలల తరబడి పట్టింది. మామూలు విరుపైతే వానాకాలంతో పోయేది, ఇది చలికాలం దాటినా కూడుకోలేదు. ఆ అతికించే పనివాళ్ళ చేతులు కూడా మాత్ర కట్టేసిందని, దాని పట్టు మానేసిన వెంటనే వదలదని చెప్పారు. పెద్దమ్మ ముందు గదిలో మంచం వేయించుకుని పడుకుంది. చూడడానికి బజారు ఆడవాళ్ళు వచ్చేవారు. వచ్చినవాళ్ళకల్లా డాక్టరమ్మ చెప్పిన దాంట్లో సగమే చెప్పింది.

"పారెయ్యండి. రంగు మాసిన ఇంటికి సున్నం వేసినట్టు పైకి తెల్లగా చేసి లోపల గుల్ల చేస్తుందది. నన్ను చూశారుగా."

నేను ఒకసారి, "పెద్దమ్మా, ఆవిడ అరుదని కూడా అందిగా," అన్నాను.

"అరుదు నీకు. నాకు ఇదిగో," అని తొడ మీద కొట్టుకుంది.

ఆ రోజుల్లో ఆమెను కనిపెట్టుకుని ఉన్నది ఫోంగ్‌చన్ పిన్నే. పొద్దున్నే వచ్చి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, వంట చేసి, సాయంత్రం దాకా ఉండేది. ఒక రోజు నేను పెరుగన్నంలాంటి మెత్తటి జావ పట్టుకెళ్ళేసరికి అక్కాచెల్లెళ్ళు మాటల్లో ఉన్నారు.

"అక్కా, రేపు పొద్దున రాలేను. సూదికి వెళ్ళాలి."

"ఏ సూది?"

"అదే, ఆరు నెలలది."

"నన్నిలా చూస్తూ కూడా వెళ్తావా?"

"నాది ఆ మాత్ర కాదు కదా. వేరే మందు."

"పులి చారలు మారిస్తే పిల్లి అవుతుందా? అదీ ఎముకల మందే, ఇదీ ఎముకల మందే."

"డాక్టరమ్మని అడిగి, వద్దంటే మానేస్తాను."

"అమ్మేవాణ్ణి అడిగితే పుచ్చకాయ చప్పగా ఉందంటాడటే? ఈ ఒక్కసారికి నా మాట విను. నిన్ను అక్కడికి లాక్కెళ్ళింది నేనే. నీ కాలు కూడా ఇలా విరిగితే ఆ పాపం నన్ను వదలదు."

పిన్ని సూదికి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున ఎప్పట్లాగే వచ్చి అక్క ఒళ్ళు తుడిచింది. ఆ తర్వాత వచ్చిన సూదికి కూడా వెళ్ళలేదు. ఆసుపత్రి నుంచి ఫోను వస్తే, ఊళ్ళో లేనని చెప్పిందట.

మళ్ళీ చలికాలం వచ్చింది. పెద్దమ్మ నడక చట్రం పట్టుకుని పెరట్లో నాలుగడుగులు వేస్తోంది. పిన్ని వడియాలకి నానబెట్టిన బియ్యం గిన్నె ఎత్తబోయి, వీపులో పొడిచినట్టయి కూలబడింది. బరువెత్తడంలో పట్టేసిందనుకున్నారు. తగ్గుతుండగానే, మంచం మీంచి లేస్తూ ఇంకోచోట. ఆ నెల గడవకముందే దగ్గితే మరోచోట. బుద్ధుడి పీట మీద దీపం పెట్టడానికి చెయ్యి అందడం లేదని ఆమే ముందు కనిపెట్టింది. రవికె ముందువైపు కిందికి జారి, వెనక పైకి లేచి కనబడసాగింది. తవాత్ సెలవు పెట్టి వచ్చి, పిన్నిని కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

వెన్నుపూసలు మూడు నలిగిపోయాయి.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, సూది ఎప్పుడు మానేశారని. పిన్ని చెప్పింది. ఎవరు మానమన్నారంటే మాత్రం చెప్పలేదు. మాత్ర ఎముకకు అంటుకుని, మానేసినా కొన్నేళ్ళ పాటు లోపల పనిచేస్తూనే ఉంటుందట. సూది అలా కాదు. అది ఉన్నన్నాళ్ళే కాపలా. సమయానికి పడకపోతే, కట్లు తెగిన ఆ తీసేవాళ్ళంతా ఒక్కసారిగా లేచి, దాచిందంతా కొన్ని నెలల్లోనే ఊడ్చేస్తారు. మానాలంటే దాని బదులు వేరే మందు పెట్టి మానాలి గానీ ఊరికే మానకూడదు. ఈ వివరమంతా తవాత్ ఇంటికి వచ్చి తల్లి మంచం పక్కన కూర్చుని చెప్పాడు. నేనక్కడే ఉన్నాను. చెప్పడం అయిపోయాక బయటికి వెళ్ళి కారు దగ్గర నిలబడ్డాడు.

పెద్దమ్మ చట్రం పట్టుకుని లేచింది. "తిప్, నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళు."

పిన్ని ఇల్లు వీధి చివరే. మేం వెళ్ళేసరికి ఆమె కుర్చీలో దిండ్ల మధ్య కూర్చుని ఉంది. భుజాలు ముందుకొచ్చేశాయి, గడ్డం రొమ్ముకి దగ్గరగా ఉంది. తల ఎత్తడానికి నొప్పి కాబోలు, కళ్ళు మాత్రం పైకెత్తి చూసింది. పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె ఎవర్ని చూసిందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కింద పోయిన తల్లిని.

"ఫోంగ్, నన్ను తిట్టు," అంది.

"ఎందుకు తిట్టడం? తిడితే వెన్ను లేస్తుందా?"

"డాక్టరమ్మ సగం చెప్పొద్దంది. నేను సగమే చెప్పాను."

"నువ్వు వేసుకోమంటే వేసుకున్నాను అక్కా. మానమంటే మానాను. పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, నాకు ఆ మాత్రం అడిగి తెలుసుకోవాలని తోచలేదు చూడు. ఆ తప్పు నీది కాదు, నాదే." పిన్ని ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "కానీ ఇకమీదట నా ఒంటి సంగతి నువ్వు ఎత్తకు. నా ఒళ్ళు నాకు వదిలెయ్."

జీవితంలో మొదటిసారి చెల్లెలు ఆమెకు ఎదురు చెప్పింది. అదీ గొంతు పెంచకుండా. తిరిగి వస్తున్నప్పుడు ఆమె చట్రాన్ని నేల మీద అడుగడుక్కీ గట్టిగా కొట్టుకుంటూ నడిచింది.

అప్పటి నుంచి ఎడమ తొడ సలుపు మొదలైంది. మొదలైందని ఆమె ఎవరికీ చెప్పలేదు. కూర్చుని లేచేటప్పుడు పళ్ళు బిగించడం చూసి నేనే పట్టుకున్నాను.

"అదే నొప్పి కదూ?"

"అయితే?"

"డాక్టరమ్మ కడ్డీ వేయించుకోమంది. విరక్కముందే."

"విరగనీ. దాని వెన్ను విరిచాను. నా కాలు విరిగితే లెక్క సరిపోతుంది."

తవాత్ వచ్చి అరిచాడు, బతిమాలాడు. "అమ్మా, నీ కాలు విరిగితే పిన్ని నడుం అతుక్కుంటుందా?" అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. రోజులు గడుస్తున్నాయి. ఆమె అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా నాకు ఆ వెదురు చప్పుడు చెవుల్లో వినబడేది. చివరికి నేను పిన్ని దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను.

అప్పటికి పిన్నికి ఎముక కట్టే మందు ఇంకొకటి మొదలుపెట్టారు, రోజూ తనకు తానే పొడుచుకునే సూది. నొప్పి కాస్త సర్దుకుంది, వంపు మాత్రం పోలేదు.

"వెళ్ళి చెప్పు," అంది. "ఈసారి కాలు విరిగితే ఎత్తడానికి నేను లేను. నా నడుం ఎత్తనివ్వదు. ఒళ్ళు తుడిచేవాళ్ళు కావాలంటే వేరే ఎవర్నైనా వెతుక్కోమను."

ఆ మాటలు మార్చకుండా వచ్చి చెప్పాను. పెద్దమ్మ విని, భుజం మీది తువ్వాలు తీసి మొహం మీద వేసుకుంది. కాసేపటికి తువ్వాలు కింద నుంచే, "తవాత్‌కి ఫోన్ చెయ్యి," అంది.

రెండో తొడలో కూడా కడ్డీ దించారు. ఈసారి విరిగిన ఎముక కాదు గనక త్వరగానే లేచింది. ఎండాకాలం మొదలయ్యేసరికి చేతికర్రతో బజారుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని అమ్మడం మొదలుపెట్టింది. నా వయసు ఆడవాళ్ళు వచ్చి, "పెద్దమ్మా, నాకు కూడా ఆ మాత్ర రాశారు, వేసుకోనా మాననా?" అని అడుగుతూనే ఉంటారు. ఇదివరకటి మనిషైతే తేల్చి చెప్పేసేది. ఇప్పుడు వడియాల పొట్లం కడుతూ, "నన్నడక్కు. రాసినావిణ్ణి అడుగు. ఎన్నేళ్ళు వాడాలో అడుగు, ఎలా మానాలో అడుగు. తొడ నొప్పెడితే తొడ అనే చెప్పు, మోకాలు చూస్తే ఊరుకోకు," అంటుంది. అంతకు మించి కదిపితే మొహం ముడుచుకుంటుంది. చేపల బల్ల ఆవిడ ఆమె మాట విని మానేసి, మళ్ళీ వేసుకుంటోంది. మిరపకాయల తొక్కు ఆవిడ మళ్ళీ మొదలుపెట్టలేదు, ఎవరు చెప్పినా వినడం లేదు. ఆవిణ్ణి చూసినప్పుడల్లా పెద్దమ్మ తల దించుకుంటుంది.

మా కొత్త సంవత్సరం సోంగ్‌క్రాన్ పండక్కి చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతుల మీద పరిమళం కలిపిన నీళ్ళు పోసి, ఏడాదిలో చేసిన తప్పులు మన్నించమని అడుగుతారు. ఎప్పుడూ ఫోంగ్‌చన్ పిన్నే అక్క దగ్గరికి వచ్చేది. ఆ ఏడు పెద్దమ్మ వెండి గిన్నెలో నీళ్ళు, శీకాయలు, మల్లెపూలు వేసుకుని, ఒక చేత్తో కర్ర పట్టుకుని, గిన్నె నా చేతికిచ్చి, చెల్లెలింటికి బయల్దేరింది.

పిన్ని అరుగు మీద కూర్చుని ఉంది. పెద్దమ్మ ఎదురుగా కూర్చుని, గిన్నె తీసుకుని, "చేతులు పట్టు," అంది.

పిన్ని చేతులు వెనక్కి లాక్కుంది. "ఏంటిది? ఎక్కడైనా అక్క చెల్లెలి చేతుల మీద పోస్తుందా? నాకు పాపం అంటగట్టకు."

"మరెవరి చేతుల మీద పొయ్యను? తప్పు నీ దగ్గరేగా చేశాను."

"ఇదివరకే చెప్పాను, ఆ మాట ఎత్తొద్దని."

పెద్దమ్మ గిన్నె దించలేదు. పిన్ని ఆమె మొహం చూడలేదు. చూడాలంటే తల ఎత్తాలి, అది ఆమెకు కష్టం. గిన్నెలో నీళ్ళకేసే కాసేపు చూసింది.

"ఆ కుండీల్లో పొయ్యి," అంది చివరికి. "మూడు రోజులుగా వంగి నీళ్ళు పోయలేకపోతున్నాను. ఎండిపోతున్నాయి."

పెద్దమ్మ కర్ర ఆనుకుని లేచి, ఆ నీళ్ళు కుండీలకి పోసింది. సరిపోలేదు. నన్ను కుళాయి దగ్గరికి పంపి బకెట్టు తెప్పించి, అన్నిటికీ పోసింది. అది అయ్యేదాకా పిన్ని, ఆ చివరిదానికి ఇంకాస్త, దీనికి చాలు అని చెబుతూ కూర్చుంది. తర్వాత లోపలి నుంచి పంపరపనసకాయ తెప్పించి, ఒలిచి, తొనలు అక్క ముందు పెట్టింది.

వడియాలు ఇద్దరూ కలిసి అద్దడం ఆ తర్వాత కూడా లేదు. పిన్ని అంతసేపు కూర్చోలేదు, పెద్దమ్మ పిలవదు. సాయంత్రాలు మాత్రం పెద్దమ్మ కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్తుంది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని కూరల ధరలు, తవాత్ బదిలీ, ఎదురింటి వాళ్ళ కోడి గోల మాట్లాడుకుంటారు. మందుల గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. పిన్నికి ఆరు నెలల సూది మళ్ళీ మొదలైందని నాకు తవాత్ చెప్పాడు. పెద్దమ్మకు తెలుసో లేదో నేను అడగలేదు.